సిస్టర్‌కు అడిగే తీరిక ఏది?

క్యాన్సర్ ఆస్పత్రి కీమో వార్డులో పొద్దున్నే మంచాలు నిండిపోతాయి. సిస్టర్ వచ్చి బీపీ, జ్వరం చూస్తారు, బరువు రాసుకుంటారు, నరం దొరక్కపోతే రెండో చేయి తడుముతారు. ఈలోగా పక్క మంచం నుంచి పిలుపు. నోరు పూసి నాలుగు రోజులుగా మజ్జిగ కూడా దిగడం లేదని ఈ మంచం మీది పెద్దావిడ చెప్పనే చెప్పదు. మందు ఎక్కించే పని ఎలాగో జరిగిపోతోంది. మనిషిని పూర్తిగా కనుక్కునే పనే ఎవరి డ్యూటీలోనూ లేదు.

ఇది పలకరింపు కాదు, చికిత్సలో భాగం. నొప్పి 0 నుంచి 10 లోపు ఎంతో అడగకపోతే నొప్పి తగ్గించే మార్ఫిన్ సరిపోతోందో లేదో తెలిసేదెలా? దానితోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు రాశారో లేదో చూసుకోవాలి. లేకపోతే మలబద్ధకం భరించలేక రోగి మాత్రలే మానేస్తాడు. కీమో తర్వాత 100.4 డిగ్రీల జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని పడుకోకూడదని, అర్ధరాత్రయినా ఆస్పత్రికి రావాలని ఇంటికి పంపేటప్పుడే చెప్పాలి. చెప్పి, వాళ్లచేత తిరిగి చెప్పించుకోవాలి.

1967లో లండన్‌లో చివరి దశ రోగుల సంరక్షణ కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించిన సిసిలీ సాండర్స్ డాక్టర్ కాకముందు నర్సు. క్యాన్సర్ రోగి బాధలో ఒంటి నొప్పి, మనోవేదన, ఇంటి దిగులు, దేవుడి మీద కోపం అన్నీ కలిసే ఉంటాయని ఆమె గట్టిగా చెప్పారు. మన వార్డుల్లో అది రోజూ కనిపించేదే. 'నాన్నకు చెప్పొద్దు సిస్టర్, మామూలు గడ్డ అనే చెప్పాం' అని కొడుకు పక్కకు పిలిచి బతిమాలతాడు. క్యాన్సర్ ఆస్పత్రి బోర్డు చూసే లోపలికొచ్చిన ఆ పెద్దాయనకు తెలియదా? ఒకరికి తెలియకుండా ఒకరు కుమిలిపోతుంటారు. 'మీ జబ్బు గురించి మీకేం చెప్పారు? ఇంకా ఏమైనా తెలుసుకోవాలని ఉందా?' అని మెల్లగా అడగగల నర్సు ఉంటే ఆ ముడి వీడుతుంది. ఆ నేర్పు అనుభవంతోనే వస్తుందనుకుంటే పొరపాటు, శిక్షణ కావాలి.

ఆరోగ్యశ్రీ ఆపరేషన్‌కు, కీమోకు, రేడియేషన్‌కు డబ్బిస్తుంది. తోడొచ్చిన భార్య కూలి పోతే? ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారు? తర్వాతి కీమోకు రోగి ఎందుకు రాలేదో చాలాసార్లు ఈ ప్రశ్నల దగ్గరే తెలుస్తుంది.

తీరిక లేదన్న నర్సుల జవాబు నిజమే. రాత్రి వార్డంతా ఒకరిద్దరి మీద వదిలేసి సమగ్ర సంరక్షణ మీద పాఠాలు చెప్పడం అన్యాయం. ముందు ఖాళీలు నింపాలి. కీమో పని నేర్చిన నర్సును ఏడాది తిరక్కుండా ఇంకో వార్డుకు మార్చేసే అలవాటు మానాలి. చేరిన రోజే నొప్పి, తిండి, నిద్ర, భయం, ఇంటి పరిస్థితి అడిగి రాసే ఒక పేజీ కేస్ షీటులో ఉండాలి, రౌండ్స్‌లో డాక్టర్ దాన్ని చదివి సంతకం పెట్టాలి. తెలంగాణలో జిల్లాల్లో పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే సంరక్షణ) కేంద్రాలున్నాయి, వాటి నర్సులు రోగుల ఇళ్లకూ వెళ్తారు. డిశ్చార్జి కాగితాలతోపాటు ఆ పేజీ నకలు కూడా వాళ్లకు చేరాలి.