కిలిమంజారో నేనే ఎక్కాను

మొన్న మా తోడల్లుడి గృహప్రవేశంలో, విస్తళ్ళ ముందు కూర్చున్న ముప్పై మంది ఎదుట మా బావమరిది నన్నొక ప్రశ్న అడిగాడు. "బావా, అంత పెద్ద గుట్ట ఎక్కినవు, మంచిదే. మరి సామాను ఎవరు మోసిండ్రు?" పప్పు వడ్డిస్తున్నతను కూడా గరిటె ఆపి నా వంక చూశాడు.

ఆ పూట నేను జవాబు చెప్పలేదు. గోంగూర బాగుందన్నాను. ఇంటికొచ్చి పడుకున్నాక తెలిసింది, ఇది గోంగూరతో పోయే విషయం కాదని. టాంజానియా వెళ్ళి ఆ కొండెక్కి, దిగి, ఫొటోలు పెట్టిన తెలుగువాళ్ళందరి పరువూ ఇందులో ఉంది. అందుకే ఈ వివరణ రాస్తున్నాను.

ముందుగా నా అర్హతలు. నేను కిలిమంజారో ఎక్కాను. ఎత్తు 5,895 మీటర్లు, ఆఫ్రికాలో ఇంతకన్నా ఎత్తైన చోటు లేదు. అనుమానం ఉన్నవాళ్ళు నా వాట్సాప్ డీపీ చూసుకోవచ్చు. మాచామే దారిలో ఏడు రోజులు పట్టింది. ఆ దారికి విస్కీ రూట్ అని ముద్దుపేరు. గుడిసెల్లో మంచాల మీద పడుకుంటూ వెళ్ళే మరంగు దారికి కోకాకోలా రూట్ అని పేరు. నేను విస్కీలో వెళ్ళానని మా ఆవిడకు విడిగా కూర్చోబెట్టి వివరించాల్సి వచ్చింది.

ఖర్చు గురించి ఎవరూ అడగలేదు కానీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. విమానం టికెట్లు, కంపెనీ వాళ్ళ ప్యాకేజీ పక్కన పెట్టండి. పార్కు రుసుము రోజుకు డెబ్భై డాలర్లు, డేరా వేసుకున్నందుకు రాత్రికి యాభై, పైన పద్దెనిమిది శాతం పన్ను. అన్నీ కలిపి ఏడు రోజులకు తొమ్మిది వందల డాలర్లు దాటింది. అందులో ఇరవై డాలర్లు రెస్క్యూ రుసుము. ఎక్కుతామో లేదో తేలకముందే దింపడానికి డబ్బు కట్టించుకునే కొండ ఇదొక్కటే అనుకుంటాను.

కొండ మీద మొట్టమొదట నేర్పే మాట "పోలే పోలే". స్వాహిలిలో మెల్లగా, మెల్లగా అని. పీటల మీదికొచ్చే పెళ్ళికూతురు కూడా అంత నెమ్మదిగా నడవదు. ఇందులో శాస్త్రం ఉంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. శిఖరం దగ్గర ఊపిరికి అందే ఆక్సిజన్ కింద ఉన్నదాంట్లో సగమే. తొందరపడితే తలనొప్పి, వాంతులు, ముదిరితే ఊపిరితిత్తుల్లోకి నీరు. ఇదంతా చెబితే మా బావమరిది ఏమన్నాడంటే, "మా జగిత్యాలల పోలే అంటే పోలేదని బావా. ఏడు దినాలు పోలే పోలే అనుకుంట మీదికెట్ల పోయినవు?" భాషాశాస్త్రంలో ఓనమాలు తెలియనివాళ్ళతో వాదన పెట్టుకోకూడదు.

పోలే పోలే అని మాకు చెబుతూనే, మా పక్కనుంచి మా డేరాలు, మా గ్యాస్ బండ, మా మడత కుర్చీలు నెత్తిన పెట్టుకుని కుర్రాళ్ళు పరుగులాంటి నడకతో దాటిపోయేవారు. వాళ్ళకు శాస్త్రం వర్తించదని కాదు. మేం చేరేసరికి డేరా నిలబడి ఉండాలి, చేతులు కడుక్కోవడానికి చిన్న గిన్నెలో వేడినీళ్ళు ఉండాలి, చాయ్‌తోపాటు పాప్‌కార్న్ ఉండాలి. పాప్‌కార్న్ చల్లారితే కరకరలాడదు కదా.

మేం నలుగురం. మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు పద్దెనిమిది మంది. గైడ్, అసిస్టెంట్ గైడ్, వంటమనిషి, మిగతా అంతా మోతగాళ్ళు. గైడ్ లేకుండా అక్కడ ఎక్కనివ్వరు, 1991 నుంచి అదే నిబంధన. గేటు దగ్గర ప్రతి మూటా కాటా మీద పెడతారు. మనిషికి ఇరవై కిలోలు దాటకూడదు. మేం నీడలో కూర్చుని, ఇచ్చిన డబ్బాలో భోజనం తింటూ ఆ తూకాలు చూశాం. నా సంచి కాస్త ఎక్కువ తూగింది. విప్పి చూస్తే మా అమ్మ పెట్టిన ఆవకాయ సీసా. అది నాదగ్గరే ఉంచుకోమన్నారు. నా వీపున తగిలించుకునే చిన్న సంచిలో అప్పటికే కెమెరా, చెక్కిలాలు ఉండటంతో, సీసాను మరో కుర్రాడి మూటలోకి సర్దించాను. ఆ సమస్య నేను పరిష్కరించిన తీరు మావాళ్ళందరికీ నచ్చింది.

ఇక్కడే అసలు వాదన మొదలవుతుంది, కాస్త శ్రద్ధగా చదవండి. ఆఫీసులో నేను డెలివరీ మేనేజర్ని. ప్రాజెక్టు ఎవరు డెలివరీ చేశారని క్లయింటు అడిగితే నా పేరే చెబుతారు. కోడు ఎవరు రాశారని ఇరవై రెండేళ్ళలో ఒక్కరూ అడగలేదు. రాత్రుళ్ళు మేలుకున్న పిల్లలు కూడా అడగలేదు, అప్రైజల్ ఉంటుంది కనుక. ఆ లెక్కన చూస్తే కిలిమంజారో నేనే ఎక్కాను. ఇందులో లొసుగు ఉంటే చూపించండి.

మా బావమరిది చూపించాడు. "కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించిండు అంటరు గని కట్టిండు అనరు గద బావా?" ఒక్క క్షణం నాకు మాట పడిపోయిన మాట నిజం. మన భాషతో వచ్చిన చిక్కే ఇది. ఇంగ్లీషులో కట్టిన రాజుకీ కట్టించిన రాజుకీ తేడా లేదు, అందరూ హాయిగా కట్టేస్తారు. తెలుగువాడు మధ్యలో ఒక "ఇంచు" పెట్టి పుణ్యమంతా పంచేస్తాడు. బాగా ఆలోచించి, రాజీగా, "ఎక్కించుకున్నాను" అందామని ప్రతిపాదించాను. దాంట్లో నా పేరూ పోదు, ఖర్చూ కనబడుతుంది. మా ఆవిడ మాత్రం ఆ మాట బస్సు కండక్టర్లు అనేదని కొట్టిపారేసింది.

సరే, టాయిలెట్ సంగతి. చెప్పకూడదనుకున్నాను కానీ దాచడం నిజాయతీ కాదు. మేం ప్రైవేటు టాయిలెట్‌కి అదనంగా డబ్బు కట్టాం. అంటే చిన్న నిలువు గుడారం, లోపల కుర్చీలాంటి ప్లాస్టిక్ కమోడ్. దానికోసం ప్రత్యేకంగా ఒక కుర్రాడు. ఎత్తు పడక వచ్చే జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్రతో రాత్రికి నాలుగైదుసార్లు లేవాలి, కాబట్టి అది విలాసం కాదు, అవసరం. రోజూ పొద్దున ఆ కుర్రాడు దాన్ని శుభ్రం చేసి, మూతపెట్టి, తాళ్ళతో బిగించి నెత్తికెత్తుకునేవాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. జాకెట్ జిప్పు పోయినట్టుంది, మెడ నుంచి కిందికి వరుసగా నాలుగు పిన్నీసులు. నా ఆవకాయ సీసా సర్దించింది కూడా అతని మూటలోనే. ఈ రెండూ ఒకే మూటలో వెళ్ళాయన్న సంగతి మా అమ్మకు ఇప్పటికీ తెలియదు.

నాలుగో రోజు బరాంకో గోడ. పేరుకు తగ్గట్టే గోడ. చేతులూ కాళ్ళూ రెండూ వాడి ఎక్కాలి. ఒకచోట బండను కావలించుకుని, ముఖం ఆనించి పక్కకు జరగాలి, దాన్ని ముద్దుల రాయి అంటారు. నేను ముద్దు పెట్టుకునే భంగిమలో ఉండగా కాలు జారింది. ఏమీ కాలేదు, ఒక జానెడు. నా వెనకే నెత్తిన కమోడ్‌తో నిలబడ్డ ఆ కుర్రాడు ఒక చెయ్యి చాపి నా సంచి పట్టుకుని "పోలే" అన్నాడు. ఒక్కసారే. నేను మెల్లగానే పోతున్నానని కోప్పడ్డాను. తర్వాత గైడ్ చెప్పాడు, రెండుసార్లంటే మెల్లగా అని, ఒక్కసారంటే "అయ్యో పాపం" అని. ఇరవై కిలోలు మోస్తున్నవాడు చెక్కిలాలు మోస్తున్నవాడిని చూసి అయ్యో పాపం అనడం ఆ దేశపు మర్యాద.

మోసినవాళ్ళ పేర్లు చెప్పకపోవడం నాతో మొదలైన అలవాటు కాదు, దీనికి ఘనమైన చరిత్ర ఉంది. ఈ కొండ మొదట ఎక్కింది ఎవరని ఏ పుస్తకం తిరగేసినా జర్మన్ హాన్స్ మేయర్, ఆస్ట్రియా నుంచి వచ్చిన లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్ అని ఉంటుంది. 1889 అక్టోబర్ 6. మేయర్ దానికి తమ చక్రవర్తి పేరు పెట్టి, కొనమీది రాయొకటి పట్టుకెళ్ళి ఆ చక్రవర్తికే కానుకిచ్చాడు. ఊళ్ళోవాళ్ళ కొండ, వీళ్ళ రాయి. దారి చూపించింది కొండ కింద ఉండే చగ్గా తెగ కుర్రాడు యోహాని కిన్యాలా లావువో అంటారు. ఆయన పేరు బాగా పైకొచ్చింది 1989లో, నూరేళ్ళ పండగప్పుడు. ప్రభుత్వం ఇల్లు కూడా ఇచ్చింది. ఆయన శిఖరం దాకా వెళ్ళాడా లేదా అన్నదాని మీద ఇప్పటికీ వాదన ఉంది. మేయర్ సామాను ఎవరు మోశారన్నదాని మీద మాత్రం ఏ వాదనా లేదు, ఆయన మోయలేదు. నూరేళ్ళు ఎవరూ అడగని ప్రశ్న మా బావమరిది ఏడు రోజుల్లో అడిగేశాడు.

కొందరు పోలికలు తెస్తారు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ పదమూడేళ్ళకు, 2014లో ఏకంగా ఎవరెస్టే ఎక్కిందని. హైదరాబాద్ ఏడేళ్ళ పిల్లాడు 2018లో ఈ కిలిమంజారోనే ఎక్కాడని. కార్ల్ ఎగ్లాఫ్ అనే ఆయన 2014లో ఆరు గంటల నలభై రెండు నిమిషాల్లో ఎక్కి దిగిపోయాడని. వాళ్ళెవరికీ హోమ్ లోన్ లేదని మాత్రమే మనవి చేస్తున్నాను. అన్నిటికన్నా మా అమ్మ పోలిక ఇబ్బంది పెట్టింది. ఆవిడ డెబ్భై దాటాక అలిపిరి నుంచి మూడువేల ఐదువందల యాభై మెట్లు ఎక్కింది. నీ సామాను దేవస్థానంవాళ్ళే పైకి చేర్చారు కదమ్మా, ఊరికే, అని గుర్తుచేశాను. "చేర్చారు. నేను మెట్టు మెట్టుకీ వంగి పసుపూ కుంకుమా పెట్టానురా. నీ కొండకు నువ్వేం పెట్టావు?" అంది. టిప్పు పెట్టాను.

శిఖరం రాత్రి గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే నాకు గుర్తున్నది తక్కువ. చివరి మకాం పేరు బరాఫు, మన హైదరాబాద్ బరఫే. దాదాపు 4,670 మీటర్లు. అర్ధరాత్రి బయలుదేరతారు. ముందువాడి మడమల మీద తలకు కట్టుకున్న లైటు వెలుగు, అంతే ప్రపంచం. సీసాలో నీళ్ళు గడ్డకట్టాయి. రెండో గంటకే నా చిన్న సంచి అసిస్టెంట్ గైడ్ తీసేసుకున్నాడు, మూడో గంటకు నా చెయ్యి కూడా. పొద్దు పొడుస్తుండగా స్టెల్లా పాయింట్, అక్కడినుంచి ఇంకో గంటకు కొండ కొన, ఉహురు. స్వాహిలిలో ఉహురు అంటే స్వాతంత్ర్యం. ఆ జర్మన్ చక్రవర్తి పేరు తీసేసి 1961లో దేశం విడుదలైనప్పుడు పెట్టుకున్న పేరు. ఎడమ పక్కన హిమానీ నదాల మిగులు. 1912లో ఉన్న మంచులో 2007 నాటికే ఎనభై ఐదు శాతం పోయిందట. మేం ఎక్కుతున్న కొద్దీ అది దిగిపోతోంది.

బోర్డు దగ్గర ఫొటోకి క్యూ. మాలో ఒకాయన జాకెట్ లోపల నుంచి తన అభిమాన హీరో ఫ్లెక్సీ బయటికి తీశాడు. ఆ గాలికి అది నిలవదు. ఒక కొస ఆయన, ఒక కొస నేను, కింది అంచు గైడ్ ముణుకుల మీద కూర్చుని పట్టుకున్నారు. ఫొటో తీసింది అసిస్టెంట్ గైడ్, చేతి తొడుగులు విప్పి, పదకొండుసార్లు. మొదటి పదింటిలో హీరో ముఖం ముడతపడింది. డీపీలో నేనూ ఫ్లెక్సీ ఉన్నాం. గైడ్ వేళ్ళు మాత్రం కింద కనబడతాయి, క్రాప్ చేస్తే హీరో గడ్డం పోతోంది.

దిగాక మ్వేకా గేటు దగ్గర సర్టిఫికెట్ ఇచ్చారు. దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో దేవుడి పటం కన్నా రెండంగుళాలు కింద పెట్టాను. అంతకుముందు పద్దెనిమిది మందీ నిలబడి పాట పాడారు, చప్పట్లు కొట్టారు, మేమూ రెండడుగులు వేశాం. తర్వాత టిప్పులు. కమోడ్ కుర్రాడికి నా వంతు ఇస్తూ, ఖాళీ అయిన ఆవకాయ సీసా కూడా ఇచ్చాను, గట్టి గాజు. ఎన్నిసార్లు ఎక్కావని గైడ్ చేత అడిగించాను. నలభై దాటాక లెక్క వదిలేశాడట. అంటే నాకు ఒక సర్టిఫికెట్, ఆ లెక్కన అతనికి నలభై రావాలి కదా, అవేం చేసుకున్నావని సరదాకి అడిగాను. గైడ్ ఆ ప్రశ్న అతనికి చెప్పలేదు. మోతగాళ్ళు బరాఫు దగ్గర ఆగిపోతారని, మేం పైకెళ్ళి వచ్చేదాకా డేరాలు కాస్తూ ఉంటారని నాకే చెప్పాడు.

ఈ వ్యాసం మొత్తం మొన్న రాత్రి ఫోన్లో మా బావమరిదికి చదివి వినిపించాను. మధ్యలో ఎక్కడా అడ్డు రాలేదు. అయిపోయాక కాసేపు ఊరుకుని అడిగాడు.

"అయితే ఆ పిలగాడు నలభైసార్లల్ల ఒక్కపాలన్న మీది దాక పోయిండా బావా?"

"పోలే."