సొంత మాటలు బోర్డు మీద ఉన్నాయి, చూసి రాసుకోండి

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఆరు నుంచి ఎనిమిది దాకా అన్ని తరగతుల్లో తెలుగు రివిజన్ మొదలైంది. పిల్లలతో ఊరికే బట్టీ పట్టిస్తున్నారని కొందరు తల్లిదండ్రులు సణుగుతున్నారు. విషయం తెలియక.

తెలుగు వాచకంలో ప్రతి పాఠం వెనక అవగాహన-ప్రతిస్పందన, వ్యక్తీకరణ-సృజనాత్మకత, భాషాంశాలు అని భాగాలుంటాయి. రెండో దాంట్లో పిల్లలు సొంతంగా ఆలోచించి, సొంత మాటల్లో రాయాలట. నలభై మంది నలభై రకాలుగా ఆలోచిస్తే దిద్దేవాళ్ల గతేం కాను? ఈ ప్రమాదాన్ని మన బడులు ముందే పసిగట్టాయి. అందుకే సొంత మాటల్ని బోర్డు మీద రాసిపెడతారు. పిల్లలు వాటిని నోట్సులోకి ఎక్కించుకుని, ఇంటికెళ్లి బట్టీ పట్టి, పరీక్షలో కామా పోకుండా సొంతంగా రాస్తారు. కామా పోయిందంటే సొంతంగా రాయనట్టే. అర మార్కు కోత.

'నాకు నచ్చిన పండుగ' వ్యాసమే తీసుకోండి. తరగతి మొత్తానికి సంక్రాంతే నచ్చుతుంది. ఇంట్లో రంజాన్, క్రిస్మస్ చేసుకునే పిల్లలకూ అదే నచ్చుతుంది, గైడులో ఉన్నది అదే కనుక. జాతీయ సమైక్యతకు ఇంతకన్నా ఏం కావాలి? ఇక మిత్రుడికి లేఖ. 'నేనిక్కడ క్షేమం, నువ్వక్కడ క్షేమమని తలుస్తాను.' ఆ మిత్రుడు పక్క బెంచీలోనే కూర్చుని ఇదే లేఖ తిరిగి వీడికి రాస్తుంటాడు. ఇద్దరూ క్షేమమే.

వ్యాకరణం దగ్గర మాత్రం రాజీ లేదు. ఉత్వ సంధి చెప్పమంటే ఏడో తరగతి పిల్లవాడు కళ్లు మూసుకుని 'ఉత్తుకు అచ్చు పరమైతే సంధి అవుతుంది' అని అప్పజెప్తాడు. ఉదాహరణ అడిగితే 'రాముడతడు' అంటాడు. రాముడతడు అని ఏ వీధిలో ఏ మనిషీ అనగా మనం వినలేదు, అయినా అదే ప్రామాణికం. గంట కొట్టగానే ఈ పిల్లవాడే గ్రౌండులోకి పరిగెత్తి 'వాడవుటయ్యాడు!' అని అరుస్తాడు. వాడు, అవుటు, అయ్యాడు. ఒక్క ఊపిరిలో రెండు ఉత్వ సంధులు! కానీ అవి ఇంపొజిషన్ రాయకుండా వచ్చిన సంధులు. చెల్లవు.

సమాసాల్లో చిన్న సవరణ అవసరమేమో. ద్వంద్వ సమాసంలో రెండు పదాలకూ సమాన ప్రాధాన్యం ఉంటుందని చెప్పి, 'తల్లిదండ్రులు' అని ఉదాహరణ ఇస్తున్నారు. హోంవర్కు డైరీలో సంతకాలన్నీ అమ్మవే. నాన్న సంతకం ప్రోగ్రెస్ కార్డు రోజున, అదీ అరిచాక. బహువ్రీహికి మాత్రం కొత్త ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. అందులో ఉన్న పదాలకు కాక బయటి అర్థానికి ప్రాధాన్యం కదా, తెలుగు పీరియడ్ అని రాస్తే సరి. అక్కడ ప్రాధాన్యం మార్కులదే.

చివరగా సొంత వాక్యాలు. ఇక్కడ రివిజన్ ఒక్క సూత్రంతో సిలబస్ మొత్తాన్ని జయించింది. 'పరోపకారం': పరోపకారం చాలా మంచిది. 'ధైర్యం': ధైర్యం చాలా మంచిది. 'దొంగతనం': దొంగతనం చాలా మంచిది. కర్త ఉంది, వాక్యం పూర్తయింది, అక్షర దోషం లేదు. ఏ కారణంతో మార్కు తగ్గిస్తారో దిద్దేవాళ్లు తమ సొంత మాటల్లో రాయాలి.