ఆ కుర్చీలో 29 ఏళ్లు

న్యూయార్క్‌లోని మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో (అందరూ మోమా అంటారు) ఫోటోగ్రఫీ విభాగాన్ని 1962 నుంచి 1991 దాకా నడిపిన మనిషి జాన్ షార్కోవ్‌స్కీ. ఏ ఫోటో కళ, ఏది కాదు అన్న సంగతి ఆ రోజుల్లో చాలావరకు ఆయన బల్ల దగ్గరే తేలేది. అది మేలా, కీడా? వాదిస్తున్నది ఇద్దరు. ఒకరు పెళ్లిళ్ల ఫోటోలు తీసి, డార్క్‌రూమ్‌లో కళ్లు పాడుచేసుకున్న స్టూడియో బాబాయ్. రెండోది ఫోటోగ్రఫీ చదువుతున్న ఆయన అన్న కూతురు. నా మొగ్గు బాబాయ్ వైపే, దాచడమెందుకు.

అమ్మాయి: ముందే చెప్పేస్తాను బాబాయ్. ఒకే మనిషి, ఒకే కుర్చీ, 29 ఏళ్లు. ఆయన గోడకెక్కిస్తే ఆ ఫోటోగ్రాఫర్ చరిత్రలో ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. దాన్ని చరిత్ర అంటారా, ఒకరి ఇష్టాయిష్టాలంటారా?

బాబాయ్: ఇష్టాయిష్టాలే. కాకపోతే అవి ఎక్కడినుంచి వచ్చాయో చూడు. విస్కాన్సిన్‌లో యాష్‌లండ్ అనే చిన్న ఊళ్లో పుట్టి, కెమెరా పట్టుకుని బతికినవాడు. లూయీ సల్లివన్ కట్టిన భవనాల మీద 1956లో ఫోటోల పుస్తకం వేశాడు. పని తెలిసినవాడు కాబట్టే, అంతకుముందు ఆ కుర్చీలో ఉన్న ఎడ్వర్డ్ స్టైకెన్ తన తర్వాత ఇతనే అన్నాడు. అప్పటికి 36 ఏళ్లు.

అమ్మాయి: స్టైకెన్ పేరు నువ్వే తెచ్చావు. 1955లో ఆయన పెట్టిన 'ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్' ప్రదర్శన చూడు. 68 దేశాల నుంచి 503 ఫోటోలు. పుట్టుక, పెళ్లి, ఆకలి, చావు, అన్నీ ఉన్నాయి. జనం విరగబడి చూశారు. తర్వాత మీవాడు వచ్చి, 1964లో 'ఫోటోగ్రాఫర్స్ ఐ' అని పెట్టి, ఫోటో అంటే వస్తువు, వివరం, ఫ్రేమ్, సమయం, చూసే చోటు అన్నాడు. మరి బొమ్మలోని మనిషి ఏమైనట్టు?

బాబాయ్: ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్‌లో తీసినవాడు ఏమయ్యాడో అది కూడా అడుగు. స్టైకెన్ తనకు కావలసిన సైజులో ప్రింట్లు వేయించాడు, కొన్నిటిని గోడంత పెంచాడు. అంతా కలిపి ఆయన చెప్పే కథ. షార్కోవ్‌స్కీ ఒక్కో ప్రింటునీ విడిగా ఫ్రేమ్ కట్టి, తీసినవాడి పేరుతో పెట్టాడు. ఇక ఆ అయిదు మాటలంటావా, అవి నాకు కొత్త కాదమ్మా. తలంబ్రాల టైమ్‌లో ఏ పక్కన నిలబడాలి, ఏ క్షణాన నొక్కాలి, పెళ్లికొడుకు మేనమామని ఫ్రేమ్‌లోంచి ఎలా తప్పించాలి, ఇవేగా మేం జీవితమంతా చేసింది. ఎవరూ రాసిపెట్టలేదంతే.

అమ్మాయి: సరే, 1967కి వద్దాం. వియత్నాం యుద్ధం వద్దని జనం రోడ్లెక్కిన ఏడాది. 'న్యూ డాక్యుమెంట్స్' పేరుతో డియాన్ ఆర్బస్, లీ ఫ్రీడ్‌లాండర్, గ్యారీ వినోగ్రాండ్ అనే ముగ్గురు ఫోటోగ్రాఫర్లను ఒకచోట చేర్చి, గోడ మీద ఏం రాశాడు? ముందు తరం లోకాన్ని బాగుచేయాలని ఫోటోలు తీసింది, వీళ్లకు బాగుచేయాలని లేదు, తెలుసుకోవాలని ఉంది అని. కడుపు నిండినవాడి మాటలా లేదూ?

బాబాయ్: గట్టిగానే తగిలించావు. అయినా గోడ సంగతి కాసేపు వదిలెయ్. లోపల బీరువాల్లో ఏం జరిగిందో చూద్దాం.

(ఇక్కడ బాబాయ్ జవాబు దాటేశారు. అది నాకూ తెలిసింది, అమ్మాయికీ తెలిసింది.)

బాబాయ్: పారిస్‌లో యూజీన్ ఆట్జే అని ఒకాయన ఉండేవాడు. 18 బై 24 సెంటీమీటర్ల గాజు పలకలు పట్టే కెమెరా మోసుకుంటూ దాదాపు 30 ఏళ్లు పాత సందులు, దుకాణాలు, మెట్లు, చెట్లు తీశాడు. చిత్రకారులకీ లైబ్రరీలకీ ప్రింట్లు అమ్ముకుని బతికాడు. 1927లో పోయాడు. ఆయన గదిలో మిగిలినవాటిని బెరెనీస్ ఆబట్ అనే ఫోటోగ్రాఫర్ కొని, అమెరికా తెచ్చి, 40 ఏళ్లు కాపాడింది. 1968లో ఆ సరుకంతా మోమా కొన్నది. సుమారు 5,000 ప్రింట్లు. కొనగానే అయిపోతుందా? ఏది ఎప్పుడు తీశాడో ఎవరికి తెలుసు? ఆట్జే నంబర్లు వేసుకున్నాడు గానీ అవి సూటిగా తేదీల వరుసలో లేవు. ఒక్కో రకం బొమ్మకి ఒక్కో వరుస. మరియా మోరిస్ హాంబర్గ్ అనే పరిశోధకురాలు ఏళ్ల తరబడి కూర్చుని ఆ చిక్కు విప్పింది. తర్వాతే, 1981 నుంచి 1985 దాకా, నాలుగు ప్రదర్శనలు, నాలుగు సంపుటాలు.

అమ్మాయి: నేనంటున్నదీ అదే! కాపాడింది ఒకావిడ, చిక్కు విప్పింది ఇంకొకావిడ. నువ్వు మాత్రం షార్కోవ్‌స్కీ గొప్పతనం అంటున్నావు.

బాబాయ్: ఆ సంపుటాల మీద షార్కోవ్‌స్కీ పేరూ, హాంబర్గ్ పేరూ రెండూ ఉన్నాయి. ఆయన గొప్పతనం ఏమిటంటే, కొని 13 ఏళ్లయ్యేదాకా తొందరపడి ఆ నాలుగు ప్రదర్శనల్లో మొదటిది పెట్టలేదు. ఇంకో సంగతి. కొన్ని ఆట్జే ప్రింట్లలో పై మూలలు చూశావా? నల్లగా, గుండ్రంగా తిరిగి ఉంటాయి. మేడ పైభాగం పట్టాలని లెన్స్‌ని పైకి జరిపితే వెలుగు పలక మూలల దాకా చాలదు. నేనైతే కోసి పారేసేవాణ్ని, లేకపోతే కస్టమర్ ఊరుకోడు. మ్యూజియం ఆ మూలలు ఉంచింది. సందులో ఆయన ఎంత ఇరుక్కుని నిలబడ్డాడో చెప్పేది ఆ నలుపే. మన దగ్గర చూడు. నిజాం కొలువులో పనిచేసిన రాజా దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో కొన్నది కాబట్టి మిగిలాయి. మా వీధి స్టూడియోల నెగటివ్‌లన్నీ వెండి తీసేవాళ్లకు కిలోల లెక్కన పోయాయి.

అమ్మాయి: దాచడం మీద నాకు తగువు లేదు. ఎంచడం మీదే. 1976లో విలియం ఎగల్‌స్టన్ ప్రదర్శన పెట్టి, రంగుల ఫోటోకి మ్యూజియం తలుపు తీసింది ఈయనే అని ఇప్పటికీ చెబుతారు. అదే మ్యూజియంలో 1962లోనే ఎర్నెస్ట్ హాస్ రంగుల ఫోటోలు పెట్టారు. హాస్ సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

బాబాయ్: ఒప్పుకుంటాను, మొదటిది కాదు. కానీ హాస్ బొమ్మ ఎవరికైనా చూడగానే నచ్చుతుంది. ఎగల్‌స్టన్ మెంఫిస్‌లో పిల్లలు తొక్కే మూడు చక్రాల సైకిల్ తీశాడు. కెమెరా దాదాపు నేలకి ఆనించాడు. సైకిల్ వెనకున్న ఇళ్లకంటే పెద్దగా, దాని కింది ఖాళీలోంచి ఎవరిదో కారు. అంతే. ఇవి పర్ఫెక్ట్ అని షార్కోవ్‌స్కీ అంటే, న్యూయార్క్ టైమ్స్‌లో హిల్టన్ క్రేమర్ అనే విమర్శకుడు అవునవును, పర్ఫెక్ట్‌గా బోర్ కొట్టాయని ఉతికి ఆరేశాడు. ఆ తిట్లు తిని నిలబడటమే క్యురేటర్, అంటే ప్రదర్శనకి బొమ్మలు ఎంచేవాడి ఉద్యోగం. అందరికీ నచ్చినవి వేలాడదీయడానికైతే మేకులు కొట్టేవాడు చాలు.

అమ్మాయి: వినోగ్రాండ్ దగ్గర ఏమంటావు మరి? 1984లో పోయేనాటికి డెవలప్ కూడా చేయని రోల్స్ 2,500 దాకా ఉన్నాయి. షార్కోవ్‌స్కీ వాటిని డెవలప్ చేయించి, 1988లో కొన్ని ప్రదర్శించాడు. తీసినవాడు కళ్లారా చూడని ఫ్రేములు! పైగా చివరి ఏళ్లలో పని దిగజారిందని తీర్పు. ఎంచింది నువ్వే, బాగాలేదన్నదీ నువ్వే.

బాబాయ్: రోలుకి 36 లెక్కన 90 వేల ఫ్రేములు. డెవలప్ చేయని ఫిల్మ్ ఏళ్లు గడిస్తే మసకేస్తుంది, అది ఎవరి అనుమతి కోసమూ ఆగదు. డెవలప్ చేయించడం రైటే.

అమ్మాయి: డెవలప్ చేయించడం వేరు, గోడకెక్కించడం వేరు.

బాబాయ్: పూర్తికాని పని అని విడిగా చెప్పే పెట్టాడు... సరే, అక్కడ నాకూ కొంచెం ఇబ్బందిగానే ఉంది.

అమ్మాయి: 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో లియో రూబిన్‌ఫీన్ అనే ఫోటోగ్రాఫర్ ఆ కుప్పంతా మళ్లీ కదిలించి, చివరి ఏళ్ల బొమ్మల్లోనూ సరుకుందని చూపించాడు. ఒక్క మనిషి మాట పాతికేళ్లు చెలామణి అయిందన్నమాట.

బాబాయ్: కదిలించడానికి కుప్ప ఉంది కదా! అరిజోనాలో టూసాన్‌లో వినోగ్రాండ్ సరుకంతా భద్రంగా ఉంది. తీర్పు తప్పైతే పై కోర్టుకి పోవచ్చు. కాగితాలే తగలబడితే ఎక్కడికి పోతావు?

అమ్మాయి: పై కోర్టులో కూర్చునేదీ ఇంకో క్యురేటరేగా. షార్కోవ్‌స్కీ రిటైరయ్యాక మళ్లీ కెమెరా పట్టాడు, తన తోటలో ఆపిల్ చెట్లు తీశాడు. 2005లో ఆయన సొంత ఫోటోల ప్రదర్శన శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగితే, కూర్చింది శాండ్రా ఫిలిప్స్. అందులోకి రానివేమిటో ఎవరూ అడగలేదు.

బాబాయ్: నువ్వు అడుగు. ఎక్కడున్నాయో కూడా కనుక్కో. ముందు అవి చూద్దాం, తగువు తర్వాత పెట్టుకుందాం.