‘మన’ అప్పు

తెలుగు భాషకు ఉన్న సంపదలలో ‘మన’, ‘మా’ అనే రెండు మాటల మధ్య తేడా ఒకటి. వింటున్న మనిషిని కలుపుకుంటే ‘మన’, వదిలేస్తే ‘మా’. ఇంత సున్నితమైన విచక్షణ చాలా భాషలకు లేదని పండితులు గర్వంగా చెబుతుంటారు. ఆ విచక్షణను శిఖరాగ్రానికి చేర్చిన ఒక మహా వైయాకరణుడిని గురించి తెలుసుకునే భాగ్యం ఇటీవల నాకు కలిగింది. ఆయన నా స్నేహితురాలి భర్త. పదిహేనేళ్ళుగా ఆ ఇంట్లో ఇల్లు ‘నా ఇల్లు’, జీతం ‘నా జీతం’, ఖర్చు మాత్రం ‘నీ ఖర్చు’. ఆమె కూడా ఉద్యోగం చేస్తుంది గానీ, ఆమె జీతానికి సర్వనామమే లేదు. అది ఒకటో తారీఖున చప్పుడు చేయకుండా వచ్చి ఖాతాలో కలిసిపోయేది. పేరుకు అది జాయింటు ఖాతా, కార్డు ఆయన జేబులో, ఓటీపీ ఆయన ఫోనుకు. అటువంటి మనిషి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా అప్పు తెచ్చి మరీ షేర్ల బజారులో పెట్టిన సొమ్మంతా తుడిచిపెట్టుకుపోయిన నాటి సాయంత్రం, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, పదిహేనేళ్ళలో మొదటిసారిగా, “మన పరిస్థితి ఏమీ బాగాలేదు. మన అప్పు మనమే తీర్చుకోవాలి” అన్నారట. ఆ ‘మన’ చెవిన పడగానే ఒక్క క్షణం ఆమె ప్రాణం లేచివచ్చిందట కూడా. పాపం, వ్యాకరణంలో వెనకబడిన మనిషి.

కష్టం వచ్చిన ఇంట్లో పొదుపు చేయక తప్పదన్న సంగతి నాకూ తెలుసు. అప్పులన్నీ ఒక కాగితం మీద రాసుకోవడం, వాటిలో ఎక్కువ వడ్డీ లాగేస్తున్నదాన్ని ముందు వదిలించుకోవడం, వాయిదా తప్పిన తరువాత కాకుండా తప్పకముందే అప్పిచ్చినవారి దగ్గరకు వెళ్ళి మాట్లాడుకోవడం వంటి పనులు మామూలు సంసారులు చేస్తారు. మనవారికి అంత చిన్న పనులు ఆనవు. ఆయన ఏకంగా ఒక ఆర్థిక మంత్రిత్వ శాఖను నెలకొల్పారు.

ఇక నుంచి ప్రతి ఆదివారం ఉదయం 10 గంటలకు, భోజనాల బల్ల దగ్గర, ‘కుటుంబ ఆర్థిక సమీక్షా సమావేశం’ జరుగుతుంది. తెర అందరికీ ఆనేలా ల్యాప్‌టాప్ కింద రెండు లావుపాటి పుస్తకాలు పెడతారు. భార్య, పన్నెండేళ్ళ కూతురు తప్పనిసరిగా హాజరు కావాలి. అధ్యక్షుడు, ప్రధాన వక్త, న్యాయనిర్ణేత ఆయనే. వందన సమర్పణ కూడా ఆయనే చేసుకుంటారు. డబ్బు విలువ పిల్లలకు చిన్ననాడే తెలియాలన్న ఉదాత్త ఆశయంతో, సమావేశంలో జరిగినదంతా నోటు పుస్తకంలో రాసే బాధ్యతను కూతురికి అప్పగించారు. తెర మీద లెక్కల పట్టిక ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులలో వెలిగిపోతుంటుంది. ఆయన ఖర్చులు ఆకుపచ్చ, ఎందుకంటే అవి ఖర్చులు కావు, ‘అవసరాలు’. కూతురివి పసుపు. తెగిన చెప్పును భార్య కుట్టించుకున్న కూలి ఎరుపు, ఆమె ఫోను రీఛార్జి ఎరుపు, ఆమె కొన్న పిన్నీసుల పొట్లం ముదురు ఎరుపు.

ఆ పిన్నీసుల మీద చర్చ ఇరవై నిమిషాలు సాగిందని నోటు పుస్తకం సాక్ష్యం చెబుతోంది. పాత పొట్లంలో ఎన్ని మిగిలాయని అధ్యక్షుల వారు అడిగారు. “లెక్కపెట్టలేదండీ” అని ఆమె చెప్పింది. “మిగిలినవి ఎన్నో తెలియకుండా కొత్తవి ఎలా కొన్నావు? అసలు ఈ ఇంట్లో ఆర్థిక క్రమశిక్షణ అనేది ఉందా?” అని ఆయన ఆవేదన చెందారు. షేర్లకు పూచీగా ఇంకా సొమ్ము (మార్జిన్) కట్టమంటూ ఫోనుకు వచ్చిన సందేశాలను తెరిచైనా చూడని మనిషి, పిన్నీసుల నిల్వల గురించి ఇంతగా తల్లడిల్లడం ఎవరినైనా కదిలిస్తుంది. పాత పొట్లం తెప్పించి బల్ల మీద కుమ్మరించారు. పద్నాలుగు ఉన్నాయి, అందులో రెండు వంగిపోయినవి. వంగినవాటిని నిల్వలో చేర్చాలా, నష్టం కింద రాయాలా అన్న మీమాంస తలెత్తింది. సరిగ్గా అప్పుడే, కార్యదర్శి హోదాలో తెర మీది అక్షరాలను నోటు పుస్తకంలోకి దించుకుంటున్న కూతురు తల ఎత్తి, “నాన్నా, డి తరువాత కె ఎలా వచ్చింది?” అని అడిగింది.

నిజమే. పట్టిక పైన నిలువు వరుసలకు వేసిన అక్షరాలలో ఎ, బి, సి, డి ఉన్నాయి, ఆ తరువాత కె ఉంది. నడుమ ఉండవలసిన ఆరు వరుసలు లేవు. “అది పెద్దవాళ్ళ లెక్క, నువ్వు రాసుకో” అన్నారాయన. పిల్ల బుద్ధిగా రాసుకుంది: “డి తరువాత కె. పెద్దవాళ్ళ లెక్క.”

సంసారం రెండు చక్రాల బండి అని మన పెద్దలు తరతరాలుగా చెబుతున్నారు. అమెరికాలోని డులూత్ అనే ఊళ్ళో, 1984లో, ఇంట్లో హింసకు గురైన ఆడవాళ్ళు తాము పడినదంతా చెప్పగా విని, అక్కడివారు ఒకే ఒక్క చక్రం గీశారు. దానికి ‘అధికార నియంత్రణల చక్రం’ అని పేరు, ఆకులు ఎనిమిది. వాటిలో ఒకటి పూర్తిగా డబ్బుదే: ప్రతి పైసాకూ ఆమె చేయి చాచేలా చేయడం, నెలకు ఇంతని విదల్చడం, ఆమె సొమ్మును తీసేసుకోవడం, ఇంటికి వచ్చే ఆదాయమెంతో ఆమెకు తెలియనివ్వకపోవడం. మనవారు డులూత్ పేరు విని ఉండరని ప్రమాణం చేసి చెప్పగలను. స్వయంకృషితో ఆ ఆకు మొత్తం చెక్కుకున్నారు, అది వారి ప్రతిభ.

చట్టాలు ఈ ప్రతిభను గుర్తించడానికి చాలా కాలం తీసుకున్నాయి. ఫ్రాన్సులో పెళ్ళయిన స్త్రీ భర్త అనుమతి లేకుండా తన పేర బ్యాంకు ఖాతా తెరవడానికి 1965 దాకా ఆగవలసి వచ్చింది. మన దేశంలో 2005 నాటి గృహహింస చట్టం ‘ఆర్థిక వేధింపు’ను కూడా హింసగానే లెక్కించింది. బ్రిటన్ 2015లో, ఇంగ్లండు, వేల్స్‌ల వరకు, దగ్గరి సంబంధంలో ఉన్న మనిషిని నిరంతరం గుప్పిట్లో పెట్టుకుని బతకనివ్వకపోవడాన్ని ఐదేళ్ళ వరకు జైలు శిక్ష పడదగిన నేరం చేసింది. అక్కడి చట్టం నియంత్రించేది మగవాడా ఆడదా అని చూడదు. భర్త జేబులు తడిమే భార్యలు కూడా ఉన్నారు, వారికీ నా నమస్కారాలు. పిన్నీసుల లెక్క అడిగితే జైలా అని మంత్రివర్యులు నవ్వవచ్చు. నవ్వనివ్వండి.

ఇంత జరుగుతున్నా ఆమె ఎవరికీ ఎందుకు చెప్పలేదని మీరు అడుగుతారు. ఇంటి గుట్టు లంకకు చేటు కదా! ఆ సామెత ఆ ఇంట్లో ఆయన నోట రోజుకు రెండు పూటలా వినబడేది. పుట్టింటివారికి చెబితే పరువు పోతుందట, ఆఫీసులో చెబితే చులకనైపోతారట. తీరా చూస్తే, బ్రోకరుకు తెలుసు, బ్యాంకుకు తెలుసు, అప్పిచ్చిన ముగ్గురికీ తెలుసు, వసూలుకు ఫోను చేసే కుర్రాడికి కూడా తెలుసు. తెలియనిది ఆమెకే. ఇన్నిచోట్ల రట్టయిన గుట్టును ఆమె ఒక్కతే కాపాడుతూ వచ్చింది.

ఇంతవరకూ నేను నిబ్బరంగానే విన్నాను. తరువాత ఆమె, మాటల మధ్యలో, ఏదో చిన్న విషయంలాగా, రెండు నెలలుగా ఒక పక్కనే నములుతున్నానని చెప్పింది. దవడ పన్ను పుచ్చిపోయింది. వైద్యం ఖర్చును ఆదివారం సమావేశంలో పెడితే, “అత్యవసరం కాదు” అని ఎరుపు రంగు వేసి వాయిదా వేశారట. రాత్రిళ్ళు నొప్పికి నిద్రపట్టక, బుగ్గకు తడిగుడ్డ పెట్టుకుని వంటగదిలో కూర్చునేదట. తన జీతం తానే సంపాదించుకునే మనిషి! ఆ రెండు నెలలలోనే పోయిన సొమ్ము మళ్ళీ రాబట్టుకోవాలని ఆయన ఇంకొక అప్పు చేశారు, దానికి ఆకుపచ్చ రంగు వేసుకున్నారు. దీనికి వ్యంగ్యం రాయడం నాకు చేతకాదు. ఒక మనిషి నొప్పికి ఇంకొక మనిషి రంగు వేసి వాయిదా వేయడం పొదుపు కాదు, అది దౌర్జన్యం. ‘సర్దుకుపోవమ్మా, మగవాడు ఒత్తిడిలో ఉన్నాడు’ అని చెప్పే పెద్దమనుషులు ముందుగా తమ పుచ్చు పన్నుతో రెండు నెలలు సర్దుకుపోయి, ఆ తరువాత నోరు తెరవాలి, తెరవగలిగితే.

చివరికి సహాయం చేసినది పన్ను కాదు, ఒక కాగితం. ఉన్న అప్పులన్నిటినీ కలిపి ఒకే అప్పుగా మారుస్తారని, దానికి హామీదారుగా ఆమె సంతకం కావాలని ఆయన ఒక ఫారం తెచ్చి, వేలితో చోటు చూపించారు. “చదవడం దేనికి, మన కోసమే కదా” అన్నారు. మళ్ళీ ఆ ‘మన’. వేరే ఒప్పందం లేనంతవరకు హామీదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానమని 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెబుతుంది. అంటే ఆయన కట్టకపోతే ఆమె దగ్గరకే వస్తారు. అదంతా ఆ రోజు ఆమెకు తెలియదు. రెండోసారి విన్న ఆ సర్వనామం మాత్రం ఆమెకు నచ్చలేదు. చదివి చెబుతానని కాగితం సంచిలో పెట్టుకుంది. మరునాడు అక్కకు ఫోను చేసి అంతా చెప్పింది. తన ఒక్కదాని పేర వేరే బ్యాంకులో ఖాతా తెరిచి, వచ్చే నెల నుంచి జీతం అందులో వేయమని ఆఫీసులో రాసి ఇచ్చింది. తన క్రెడిట్ నివేదిక తెప్పించుకుని, తనకు తెలియకుండా తన పేర ఏ అప్పూ లేదని చూసుకుంది. ముఖ్యమైన కాగితాల నకళ్ళు అక్క ఇంట్లో పెట్టింది. పన్ను పీకించుకుంది.

ఆ తరువాతి ఆదివారం 10 గంటలకు సమావేశం యథావిధిగా మొదలైంది. సంతకం సంగతి ఏమైందని అధ్యక్షుల వారు అడిగారు. ఆమె లేచి, ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, డి నుంచి కె దాకా వరుసలను పట్టుకుని ఒక్క నొక్కు నొక్కింది. ఆ విద్యను కూతురు బడిలో నేర్చుకుని తల్లికి నేర్పింది. నడుమ దాక్కున్న ఆరు వరుసలూ తెర నిండా పరుచుకున్నాయి. కిందటి నెలలో మొదలైందని చెప్పిన అప్పు పక్కన మూడేళ్ళ కిందటి తేదీ ఉంది.

ఆ నోటు పుస్తకాన్ని నేను కళ్ళారా చూశాను. ఆ రోజు పేజీలో గుండ్రటి అక్షరాలతో మూడే వాక్యాలు ఉన్నాయి. “అమ్మ సంతకం పెట్టనని చెప్పింది. నాన్న ల్యాప్‌టాప్ మూసేశారు. పిన్నీసుల విషయం వచ్చే వారానికి వాయిదా పడింది.”