ఆల్‌కి వచ్చింది మలేరియానా, వైరల్ జ్వరమా?

పోస్టు పొడుగు. నిర్ణయ పద్ధతుల మీద పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళు, ఆ పేపర్లకు రివ్యూ చేసేవాళ్ళు ఓపిక పట్టి చదవండి. మిగతావాళ్ళు పంపుల లెక్క దాకా దాటేసినా పర్లేదు.

ఆల్, బాబ్, జో, టెడ్. ఫజ్జీ సెట్లతో (ఉంది, లేదు అని తేల్చకుండా 0 నుంచి 1 దాకా 'ఎంత ఉంది' అని అంకె వేసే పద్ధతి) 'మెడికల్ డయాగ్నోసిస్' చేసే పేపర్లు నాలుగు తిరగేసినవాళ్ళకి ఈ నలుగురూ చుట్టాల్లా తెలిసిపోతారు. వీళ్ళు పేషెంట్లు, వీళ్ళ అంకెలు 2001లో 'ఫజ్జీ సెట్స్ అండ్ సిస్టమ్స్' జర్నల్లో వచ్చిన ఒక పేపర్లోవి. లక్షణాలు ఐదు: జ్వరం, తలనొప్పి, కడుపునొప్పి, దగ్గు, ఛాతీనొప్పి. జబ్బులూ ఐదే: వైరల్ జ్వరం, మలేరియా, టైఫాయిడ్, 'కడుపు సమస్య', 'ఛాతీ సమస్య'. చివరి రెండూ అసలు జబ్బు పేర్లే కావు. ఓపీ చీటీ మీద 'ఛాతీ సమస్య' అని రాసి పంపిస్తే ఫార్మసీలో మందేం ఇవ్వాలో వాళ్ళకే తెలియదు.

ఆల్ వరుస ఇలా ఉంటుంది: జ్వరం (0.8, 0.1), తలనొప్పి (0.6, 0.1), కడుపునొప్పి (0.2, 0.8), దగ్గు (0.6, 0.1), ఛాతీనొప్పి (0.1, 0.6). మొదటి అంకె 'ఎంత ఉంది', రెండోది 'ఎంత లేదు', ఒకటికి మిగిలినది 'తెలియదు'. జబ్బులకీ ఇలాంటి పట్టికే ఉంటుంది. రెండు పట్టికలనూ పోల్చి, ఏ జబ్బు దగ్గరగా ఉంటే అదే వచ్చిందంటారు. కొత్త పద్ధతి ఎలా నడుస్తుందో చూపించడానికి ఇచ్చిన బొమ్మ లెక్క ఇది. అంతవరకు తప్పేమీ లేదు, బోర్డు మీద పాఠం చెప్పేవాళ్ళు అందరూ చేసేదే.

తప్పు ఆ తర్వాత మొదలైంది. అప్పట్నుంచీ ఎవరు కొత్త దూరం సూత్రం కనిపెట్టినా, కొత్త సారూప్య కొలత కట్టినా, దాన్ని ఈ నలుగురి మీదే రుద్దుతున్నారు. కొన్ని సూత్రాలు ఆల్‌కి వైరల్ జ్వరం అంటాయి, కొన్ని మలేరియా అంటాయి. పేపరు చివర్లో ఒక పోలిక పట్టిక వస్తుంది. అందులో పాత పద్ధతులన్నీ వరుసగా ఉండి, అడుగున బోల్డులో 'ప్రతిపాదిత పద్ధతి' ఉంటుంది. పక్కనే 'మా ఫలితం ఎక్కువ పద్ధతులతో ఏకీభవిస్తోంది, కనుక నమ్మదగినది' అన్న వాక్యం. ఏకీభవించకపోతే వాక్యం మారుతుంది: 'మా పద్ధతి పాతవాటికన్నా సూక్ష్మంగా తేడా పట్టింది'. ఎటు పడినా గెలుపు వీళ్ళదే.

ఒక్కరైనా ఆల్ రక్తం తీశారా అంటే తీయడానికి ఆల్ అనే మనిషే లేడు. సరైన జవాబన్నదే లేని ప్రశ్నపత్రానికి ఇరవై ఏళ్ళకు పైగా మార్కులు వేసుకుంటున్నాం.

అదే మలేరియా అసలు చోట ఎలా తేలుతుందో చూడండి. పాడేరు ఏజెన్సీలో ఆశా కార్యకర్త వేలు గుచ్చి చుక్క రక్తం తీసి కిట్ మీద వేస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో గీత పడుతుంది. పక్కాగా కావాలంటే స్లైడు తీసి మైక్రోస్కోపు కింద పెడతారు. పైగా వానాకాలంలో ఏజెన్సీ నుంచి చలిజ్వరంతో వచ్చిన మనిషినీ, జనవరిలో మాదాపూర్ నుంచి జ్వరమని వచ్చిన మనిషినీ ఏ డాక్టరూ ఒకేలా చూడడు. ఆ ఊళ్ళో ఆ నెలలో ఆ జబ్బు ఎంత తిరుగుతోందన్నదే మొదటి క్లూ. ఆ ఐదు జబ్బుల పట్టికలో దానికి గడే లేదు.

ఆ గడి లేకపోతే ఏమవుతుందో చిన్న లెక్క. వెయ్యి మందిలో జబ్బు ఉన్నవాళ్ళు 20 మంది అనుకోండి. పరీక్ష జబ్బున్నవాళ్ళలో 95 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివాళ్ళలో 90 శాతాన్ని సరిగ్గా వదిలేస్తుంది. పట్టుబడ్డ అసలు రోగులు 19, జబ్బు లేకుండానే పాజిటివ్ వచ్చినవాళ్ళు 98. మొత్తం 117 పాజిటివ్‌లలో నిజమైనవి 16 శాతం. వెయ్యి మందిలో 300 మందికి జబ్బున్న చోట అదే పరీక్ష పెడితే 285 నిజం, 70 అబద్ధం, అంటే 80 శాతం నిజం. పరీక్ష మారలేదు, ఊరు మారింది.

ఇప్పుడు సెట్ల సంగతి. 1965లో జాడే ఫజ్జీ సెట్లు ఇచ్చారు. 80ల్లో అటనాసోవ్ 'లేదు' అన్న రెండో అంకె చేర్చారు, రెండూ కలిపి 1 దాటకూడదన్నారు. తర్వాత పైథాగరియన్ వచ్చింది, ఇందులో వర్గాల మొత్తం 1 దాటకపోతే చాలు. (0.8, 0.5) అటనాసోవ్ సెట్లో చెల్లదు, మొత్తం 1.3. పైథాగరియన్‌లో చెల్లుతుంది, 0.64కి 0.25 కలిపితే 0.89. సరే, (0.9, 0.7) వస్తే? వర్గాలు 1.30, చెల్లదు. ఘనాలు 1.072, చెల్లదు. నాలుగో ఘాతానికి ఎక్కిస్తే 0.896, చెల్లింది! దీన్నే 'క్యూ-రంగ్' అంటారు. ఒక డాక్టరు వచ్చి 'ఇది 0.9 మలేరియా, 0.7 మలేరియా కాదు' అంటే, ఆయన నైటు డ్యూటీ చేసి వచ్చాడేమో, పడుకోనివ్వాలి. లేదా ప్రశ్న అడిగిన తీరు తప్పయి ఉంటుంది, ఫారం సరిచేయాలి. మనం ఆ రెండూ చేయం, ఘాతం పెంచుతాం.

ఇలా ఆరు రకాల సెట్లు, ఐన్‌స్టీన్, హమాకర్, డోంబి, ఫ్రాంక్, బోన్‌ఫెరోని, మెక్‌లారిన్ అని ఆరు రకాల కూడికలు (విడి అంకెలను ఒకటిగా కలిపే సూత్రాలు), టాప్సిస్, వైకోర్, ఎడాస్, కోడాస్, మల్టీమూరా అని ఐదు ర్యాంకింగ్ పద్ధతులు. ఆరు ఆర్లు ముప్ఫై ఆరు, ఇంటూ ఐదు, 180 టైటిళ్ళు. ఒక్క కొత్త ఆలోచనా అక్కర్లేదు. థీసిస్ ముందు పేపరు తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసినా ఈ దుకాణం మూతపడలేదు, ప్రమోషన్ల పాయింట్లు అప్పటికి అలాగే ఉన్నాయి కదా.

పద్ధతులన్నీ దండగనడం లేదు. వాటిని ఎక్కడ నొక్కితే విరుగుతాయో చూడకుండా వాడటమే నా బాధ. టాప్సిస్‌నే తీసుకుందాం, మేటి విలువలకి దగ్గరగా, చెత్త విలువలకి దూరంగా ఉన్నదానికి ఎక్కువ మార్కు వేసే పద్ధతి ఇది. ఆస్పత్రికి ఇన్ఫ్యూజన్ పంపు కొనాలి. నాణ్యత వందకి, ధర వేలల్లో, రెంటికీ సమాన వెయిటు. క పంపు: 90, 60 వేలు. ఖ: 80, 45 వేలు. గ: 60, 50 వేలు. ఎక్సెల్‌లో ప్రతి నిలువు వరుసనూ దాని వర్గాల మొత్తానికి వర్గమూలంతో భాగించి, మేటి విలువలకీ చెత్త విలువలకీ ఉన్న దూరాలు తీయండి. ఖ 0.750, క 0.573, గ 0.326. ఖ కొనాలి.

ఇప్పుడు టెండర్లో ఇంకొకడు వచ్చాడు. ఘ పంపు: నాణ్యత 75, ధర 3 లక్షలు. దీన్ని ఎవరూ కొనరు. కానీ పట్టికలో చేర్చి మళ్ళీ లెక్క కట్టండి: క 0.943, ఖ 0.927, గ 0.803, ఘ 0.106. కొనాల్సింది క అయిపోయింది! క, ఖ పంపుల్లో ఒక్క స్క్రూ మారలేదు. ఘ ధర మరీ ఎక్కువ కావడంతో క, ఖల మధ్య ఉన్న 15 వేల తేడా నార్మలైజేషన్‌లో (పైన చేసిన ఆ భాగహారంలో) నలిగిపోయింది, నాణ్యతలో తేడా పెద్దగా కనిపించింది. అదే ఘ ధర 2 లక్షలైతే ఖ వెంట్రుక వాసిలో నిలబడుతుంది: 0.917కి 0.907. అంటే ఓడిపోవడానికే వచ్చే ఒక టెండరు వేయించి, దాని ధర ఎంత పెట్టాలో చూసుకుంటే, గెలిచేవాడిని మనమే ఎంచుకోవచ్చు. దీని పేరు ర్యాంక్ రివర్సల్. ఏహెచ్‌పీలో (రెండేసి చొప్పున పోల్చి వెయిట్లు తేల్చే పద్ధతి) ఇలాంటిది ఉందని బెల్టన్, గియర్ 1983లోనే చూపించారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒక వరుస తీసేసి మళ్ళీ లెక్క కట్టే ఐదు నిమిషాల పని చేయని పేపర్లే ఎక్కువ.

ఏహెచ్‌పీలో ఇంకో తంతు. ఎనిమిది ప్రమాణాలు, ఐదు ప్రత్యామ్నాయాలు ఉంటే జంట పోలికలు 28, ఆపైన 80, మొత్తం 108. ఈ ఫారం క్యాజువాలిటీలో డాక్టరు చేతికిస్తే మొదటి ఇరవై ఆలోచించి నింపుతారు, తర్వాత 3, 5, 3, 5. కన్సిస్టెన్సీ నిష్పత్తి (జవాబుల మధ్య పొంతన ఎంత తప్పిందో చెప్పే అంకె) 0.1 దాటిందని స్కాలర్ వెనక్కి పంపిస్తాడు, లేదా తనే ఒకటి రెండు గళ్ళు 'సర్దుతాడు'. ఆ 0.1 లోపు ఉంటే జవాబు సరైనదని కాదు, పొంతన ఉందని మాత్రమే. అన్ని గళ్ళలోనూ 1 వేసేయండి, నిష్పత్తి నిఖార్సైన సున్నా వస్తుంది.

మరి పనికొచ్చింది ఎక్కడ? లండన్లో మమ్దానీ 1975లో చిన్న ఆవిరి యంత్రాన్ని ఫజ్జీ నియమాలతో నడిపారు. జపాన్‌లో సెందాయ్ మెట్రో 1987లో ఫజ్జీ కంట్రోలుతోనే మొదలైంది. అక్కడ నియమం తప్పితే రైలు కుదుపుతుంది, ప్లాట్‌ఫారం గీత దాటి ఆగుతుంది. తప్పని చెప్పడానికి రైలే ఉంది.

వైద్యంలో చీలమండ సంగతి చూడండి. కెనడాలో ఒటావాలో 1992లో చీలమండకి దెబ్బ తగిలి వచ్చిన 750 మందిలో 32 లక్షణాలు నమోదు చేసి, ఎక్స్‌రేలో ఎముక విరిగిందా లేదా అన్నదానితో పోల్చారు. తర్వాత కొత్త పేషెంట్ల మీద మళ్ళీ పరీక్షించి సవరించాక మిగిలింది మూడు ముక్కలు: చీలమండ నొప్పితో వచ్చినవాళ్ళలో బయటి ఎముక చివరి 6 సెంటీమీటర్ల వెనక అంచునో కొననో నొక్కితే నొప్పా, లోపలి ఎముకకూ అంతేనా, దెబ్బ తగిలినప్పుడూ ఆస్పత్రిలోనూ నాలుగడుగులు వేయలేకపోయాడా. ఏదీ లేకపోతే ఎక్స్‌రే అక్కర్లేదు. అమలు చేసిన ఆస్పత్రిలో చీలమండ ఎక్స్‌రేలు 28 శాతం తగ్గాయని 1994లో చూపించారు. ఘాతాల్లేవు, డోంబి లేదు.

డయాగ్నోసిస్ అనే మాట టైటిల్లో పెట్టాలనుకునేవాళ్ళు ఇంత చేయండి చాలు. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, ల్యాబులో తేలిన పాత కేసులు మూడు వందలైనా తెచ్చుకోండి. మూడో వంతు ముందే పక్కన పెట్టి, సూత్రం ఖరారయ్యేదాకా ముట్టుకోవద్దు. కేస్ షీట్లో 'ఛాతీనొప్పి' రాసి లేదంటే లేదని కాదు, అడగలేదని కూడా కావచ్చు, దాన్ని సున్నా చేయొద్దు. లక్షణాలు ఏ తేదీన రాశారో చూడండి. ల్యాబు రిపోర్టు వచ్చాక రాసినవైతే జవాబు చూసి రాసిన ప్రశ్నలవి, మీ పద్ధతికి 98 శాతం వచ్చినా చెల్లదు. వెయిట్లు ఐదుగురు డాక్టర్లను విడివిడిగా అడగండి, వాళ్ళలో వాళ్ళకే కుదరకపోతే ఆ సంగతే రాయండి, సగటు కింద దాచొద్దు. వెయిట్లను 20 శాతం అటూ ఇటూ వెయ్యిసార్లు కదిపి మొదటి ర్యాంకు ఎన్నిసార్లు నిలిచిందో చెప్పండి. మామూలు లాజిస్టిక్ రిగ్రెషన్‌తో (జబ్బు ఉందా లేదా అన్న అంచనాకి వాడే పాత గణాంక పద్ధతి) పోల్చండి. అది మీకన్నా బాగా చేస్తే, చేసిందనే రాయండి.

రివ్యూకి వచ్చిన పేపర్లో ఆల్ కనిపిస్తే నేనైతే ఒకటే రాస్తాను: 'స్లైడు రిపోర్టు జతచేయండి'.