మైకు తిప్పినంత మాత్రాన మాట్లాడుకున్నట్టు కాదు

విశ్వవిద్యాలయాల్లో వివక్ష గురించి "చర్చ" అంటే ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. పెద్ద సెమినార్ హాలు, వేదిక మీద ఐదుగురు, కింద 200 మంది. గంటన్నర ఉపన్యాసాలయ్యాక చివర్లో ప్రశ్నలకు 10 నిమిషాలు. ఆ 10 నిమిషాల్లో మైకు అందుకునేది నలుగురిలో మాట్లాడటం ముందే అలవాటున్నవాళ్లు. ఎవరి కష్టం గురించి సభ పెట్టారో వాళ్లు వెనక వరసలో కూర్చుని, నోరు విప్పకుండానే వెళ్లిపోతారు. సభలు పెట్టుకోండి, తప్పులేదు. వాటిని సంభాషణ ఖాతాలో మాత్రం వేయకండి.

మనసు నొచ్చే విషయాలు మాట్లాడుకోవడానికి ఒక పద్ధతి ఉంది, అది కొత్తదీ కాదు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఇంటర్‌గ్రూప్ రిలేషన్స్ (వర్గాల మధ్య సంబంధాలు) కార్యక్రమం 1988లో మొదలైంది. అక్కడ రూపుదిద్దుకున్న పద్ధతిలో గుంపుకు 12 నుంచి 18 మంది దాకా ఉంటారు. రెండు నేపథ్యాలవాళ్లు వీలైనంతవరకు సమాన సంఖ్యలో ఉంటారు. నడిపేవాళ్లు ఇద్దరు, చెరో నేపథ్యం నుంచి ఒకరు, ఇద్దరికీ ముందే శిక్షణ ఉంటుంది. ఇది ఒక్క పూటతో అయిపోదు, వారాల తరబడి సాగుతుంది. మొదట పరిచయం, నమ్మకం. ఆ తర్వాత తేడాలూ పోలికలూ. మూడో దశకు వచ్చాకే అసలు వేడి పుట్టించే అంశం. చివరగా కలిసి ఏం చేయగలమన్నది. మన దగ్గర చాలామంది ఏకంగా మూడో దశలోకి దూకి, అది రసాభాస అయ్యాక "ఈ పిల్లలకు సహనం లేదు" అంటారు. లోపం పిల్లలది కాదు, మొదటి రెండు దశలూ ఎగ్గొట్టినవాళ్లది.

మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పారు, వేర్వేరు వర్గాలవాళ్లు కలిసినంత మాత్రాన దురభిప్రాయాలు తగ్గవని. కలిసిన చోట సమాన హోదా, ఒకే లక్ష్యం, పరస్పర సహకారం, పైవాళ్ల మద్దతు ఉండాలి. విశ్వవిద్యాలయంలో తేలిపోయేది మొదటిదే. మార్కులు వేసే ప్రొఫెసర్, థీసిస్ మీద సంతకం పెట్టే గైడ్ అదే వలయంలో కూర్చుంటే ఏ విద్యార్థి నిజం చెబుతాడు? ప్రొఫెసర్లకూ గైడ్లకూ వేరే గుంపు పెట్టండి.

గుంపులో ఏ వర్గం నుంచీ ఒక్కరే ఉండకుండా చూడండి. ఒక్కరే ఉంటే ఆ మనిషి తన వర్గం మొత్తానికీ ప్రతినిధి అయిపోవాల్సి వస్తుంది. ప్రతి ప్రశ్నకూ అందరి చూపూ అటే తిరుగుతుంది. ప్రారంభం కూడా నోటితో వద్దు. ప్రశ్న ఇచ్చి 3 నిమిషాలు కాగితం మీద రాయించండి, తర్వాత ఇద్దరిద్దరుగా 5 నిమిషాలు మాట్లాడుకోనివ్వండి, ఆ తర్వాతే అందరిలో. ఇలా చేస్తే తొందరగా మాట్లాడేవాళ్లే దారి నిర్ణయించే పరిస్థితి తప్పుతుంది.

ఇక్కడ విన్నది బయట చెప్పకూడదని నియమం పెడతారు, మంచిదే. కానీ దాని హద్దు మొదటి రోజే చెప్పాలి. వేధింపుల గురించి వింటే పైకి తెలియజేయాల్సిన బాధ్యత చాలాచోట్ల సిబ్బందికి ఉంటుంది. అది చెప్పకుండా "అంతా గోప్యం" అని మాటిచ్చి, తర్వాత ఫిర్యాదు నమోదు చేస్తే అది నమ్మకద్రోహం.

ఇక అందరూ భయపడే ఘడియ: ఎవరో ఒక మాట అంటారు, గది బిగుసుకుపోతుంది. ఎక్కువమంది చేసేది విషయం మార్చేయడం. అది అన్నిటికంటే చెడ్డ పని, ఎందుకంటే గాయపడిన మనిషికి ఆ మౌనం అంగీకారంలా వినిపిస్తుంది. నడిపేవాళ్లు అక్కడే ఆపాలి. "మీరన్నది నాకిలా వినిపించింది, మీ ఉద్దేశం ఇదేనా?" అని అడగాలి. చాలాసార్లు అన్నవాళ్లు అప్పుడే సవరించుకుంటారు. తర్వాత ఉద్దేశాన్ని పక్కనపెట్టి, ఆ మాట విన్నవాళ్లకు ఎలా తగులుతుందో మాట్లాడాలి. ఎందుకు బాధ కలిగిందో వివరించే భారం గాయపడినవాళ్ల మీద వేయకూడదు, వాళ్లే ముందుకొస్తే తప్ప. ఒక్కోసారి మాట జారినవాళ్లే ఏడుస్తారు. గది మొత్తం ఓదార్చడానికి అటు తిరుగుతుంది, అసలు గాయం మరుగున పడుతుంది. ఇద్దరు నడపాలనేది ఇందుకే: ఒకరు ఆ మనిషిని కాసేపు బయటికి తీసుకెళ్లాలి, రెండోవాళ్లు సంభాషణ కొనసాగించాలి.

ఒక పేజీ లెక్కలు కూడా గదిలోకి రావాలి. ఏ వర్గం నుంచి ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో మానేశారు, స్కాలర్‌షిప్ ఎన్ని నెలలు ఆలస్యమైంది, ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి, ఎన్ని తేలాయి. ఇవి లేకపోతే వివక్ష ఉందని నిరూపించడానికి ఎవరో ఒకరు తమ జీవితాన్నే సాక్ష్యంగా పరచాల్సి వస్తుంది. అడగడానికే సిగ్గుపడాల్సిన సంగతి అది.

అందరూ రావాల్సిందే అని సర్క్యులర్ తీస్తే సరిపోతుందనుకునే అధికారులకు ఒక మాట. ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కాలెవ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలో 800కు పైగా కంపెనీల సమాచారాన్ని పరిశీలించారు. వివక్ష తగ్గించే శిక్షణను నిర్బంధం చేసిన చోట ఐదేళ్ల తర్వాత మేనేజర్లలో కొన్ని మైనారిటీ వర్గాల వాటా తగ్గిందని తేల్చారు. కంపెనీలూ విశ్వవిద్యాలయాలూ ఒకటి కావు, నిజమే. అయినా అటెండెన్స్ కోసం వచ్చినవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవడం ఎక్కడైనా ఒకటే. నిర్బంధం బదులు క్రెడిట్లు ఇవ్వండి.

చివరి సమావేశంలో వచ్చిన సూచనలకు రెండు వారాల్లోగా రిజిస్ట్రార్ నుంచి రాతపూర్వక జవాబు రావాలి. చేయబోయేవి, ఎవరు చేస్తారు, ఏ తేదీకి. చేయలేనివి, ఎందుకు. ఇంకా పరిశీలించాల్సినవి, ఎప్పటిలోగా. "వీలుపడదు" అన్న జవాబైనా కారణంతో వస్తే మనుషులు తట్టుకుంటారు. అసలు జవాబే రాకపోతే, గుండె చిక్కబట్టుకుని మాట్లాడినవాళ్లే మళ్లీ రారు.

ఇదంతా మోసేది ఎవరు? ప్రతి క్యాంపస్‌లోనూ అదే నలుగురైదుగురు, ఎక్కువగా వివక్ష అనుభవించిన వర్గాల అధ్యాపకులే. క్లాసులు తగ్గవు, ప్రమోషన్ లెక్కల్లో ఇది కనిపించదు. నడిపే ప్రతి అధ్యాపకుడికీ, అధ్యాపకురాలికీ ఆ సెమిస్టర్‌లో ఒక కోర్సు తగ్గించండి, విద్యార్థులైతే గంటల లెక్కన జీతం ఇవ్వండి. అది వచ్చే ఏడాది బడ్జెట్‌లో కనిపించాలి.