కత్తికీ ఒరకీ ఒకే కంపెనీ పేరుండాలా? ఎవరు చెప్పారండీ!

పాత మిలిటరీ కత్తులు సేకరించేవాళ్లలో ఒక మాట తెగ తిరుగుతోంది. కత్తి మీదా ఒర మీదా ఒకే కంపెనీ ముద్ర ఉండాలట, లేకపోతే సెట్ డూప్లికేటట. ఒరలో కత్తి బిగువుగా కూర్చుంటే జోడీ కుదిరినట్టేనట, ఒరకి ఏదైనా కోసేసి ఉంటే పనికిరాదట, ఇక దొరికాక ఒరలోంచి తీయకుండా దాచుకోవాలట. అన్నీ తప్పే, మొదటిది మరీనూ.

ఇదంతా బహుశా జర్మన్ల ఎస్84/98 బాయొనెట్ (తుపాకీ కొసకి తగిలించే కత్తి) దగ్గర మొదలై ఉంటుంది. దానికి బ్లేడ్ మీదా ఒర మీదా సీరియల్ నంబర్ కొట్టేవాళ్లు కాబట్టి అక్కడ నంబర్లు కలిశాయా లేదా అని చూడటం కరెక్టే. అదే రూల్ తెచ్చి 1943లో వచ్చిన అమెరికన్ సైన్యం కత్తి ఎం3 మీద పెడితే ఎలా? కత్తులు చేసింది కెమిల్లస్, ఇంపీరియల్, యూటికా లాంటి కంపెనీలు, ఒరల కాంట్రాక్టులు వేరేవాళ్లవి. ఎం6 తోలు ఒర మీద మిల్స్‌కో 1943 అనో వైనర్ బ్రదర్స్ 1943 అనో ఉంటుంది, తర్వాతొచ్చిన ఎం8 ఒర మీద బీఎం కో అని ఉంటుంది, వీళ్లెవరూ ఎం3 కత్తులు చేయలేదు. అంటే రెండిటి మీదా ఒకే పేరున్న ఎం3 సెట్ ఎవరైనా చూపిస్తే ముందు అనుమానించాల్సింది దాన్నే.

బిగువుగా కూర్చోవడమంటారా, ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెత ఇక్కడ చెల్లదు. 1944 నాటి ఎం4 బాయొనెట్ బ్లేడ్ ఎం3 లాంటిదే, అందుకే బాయొనెట్ల కోసం ఇచ్చిన ఎం8ఏ1 ఒరలో ఎం3 కూడా హాయిగా దూరిపోతుంది. అది ఫేక్ కాదు గానీ ఎం3తో మొదట ఇచ్చిన జోడీ అని చెప్పి అమ్మితే మాత్రం ఒర మూతి దగ్గర మెటల్ మీద ఎం8 అనుందా ఎం8ఏ1 అనుందా చదవండి. తోలు ఒరైతే పిడి దగ్గరి గార్డ్ ఏళ్ల తరబడి ఆనుకున్న చోట దాని ఆకారంలో నొక్కు పడుతుంది, ఆ నొక్కు మీ కత్తి గార్డ్‌కి సరిపోతుందో లేదో చూస్తే ముద్రల కన్నా ఎక్కువ తెలుస్తుంది.

కోసేసిన ఒర సంగతి చిన్నదే. బ్రిటిష్ కమాండోల కత్తి ఫెయిర్‌బెర్న్ సైక్స్ ఒరకి బట్టలకి కుట్టుకోడానికి తోలు చెవులుండేవి, సైనికులే చాలామంది కోసి పడేశారు.

చివరిది, ఒరలోనే దాచుకోవడం. తోలు తేమ పీలుస్తుంది, తోలుని శుద్ధి చేసేటప్పుడు వాడిన రసాయనాలూ అందులోనే ఉంటాయి. బ్లేడ్ తుప్పుపడుతుంది, ఇత్తడి రివెట్లకి పచ్చగా చిలుం పడుతుంది. కత్తికి పల్చగా మైనం రాసి విడిగా పెట్టండి, ఏది దేని జోడీనో చీటీ రాసి రెండిటికీ కట్టండి.